దించకు, వదిలెయ్

సన్యాసమ్మ ఏదైనా అడిగితే నేరుగా జవాబు చెప్పిన పాపాన పోయేది కాదు. "ఉండవే, చూద్దాం" అనేసి తన పనిలో పడిపోయేది. విజయనగరం శివార్లలో ఒక రేకుల షెడ్డులో ఆడపిల్లలకు బరువులెత్తడం నేర్పడమే ఆమె పని. ఆడదానికి బరువు మోయడం ఒకరు నేర్పాలా అని మగవాళ్ళు నవ్వితే, "మోయడం కాదు బాబూ, ఎత్తడం. మోయడం మీరెప్పుడో నేర్పేశారు కదా" అనేది.

ఆ సాయంత్రం వరహాలు అడిగింది. "మేడం, నేను మళ్ళీ ఎప్పటిలా అవుతానా?"

వరహాలు ఒకప్పుడు ఆ షెడ్డుకు పేరు తెచ్చిన పిల్ల. రాష్ట్ర పోటీల్లో ఆమె తలపైకెత్తిన బరువుల బార్ వెనక్కి ఒరిగింది. వదిలేసి తప్పుకోవలసింది, పట్టుకునే ఉండిపోయింది. మోకాలు పోయింది. ఇక ఆట లేదు కదా అని ఇంట్లోవాళ్ళు పెళ్ళి చేసేశారు. అక్కడా అంతే. సర్దుకుపొమ్మని అందరూ అంటుంటే, ఒరిగిపోతున్న కాపురాన్ని ఏళ్ళ తరబడి పట్టుకుని నిలబడింది. చివరికి అదీ తెగిపోయింది. ఇప్పుడు రోజూ షెడ్డు గోడకు చేరబడి పిల్లలను చూస్తూ కూచునేది. బరువు తలపైన నిలిచి లోకమంతా నోరు మూసుకునే ఆ ఒక్క క్షణం కోసం ఆమె ప్రాణం కొట్టుకునేది. అరచేతుల్లో ఒకప్పుడు కాయలు కాసిన చోటును బొటనవేలితో తడుముకునేది.

"ఉండవే, చూద్దాం" అని సన్యాసమ్మ కొత్తగా చేరిన గౌరి వైపు తిరిగింది. ఆ షెడ్డులో కొత్తవాళ్ళకు ముందు నేర్పేది వదలడం. పలచని రబ్బరు ప్లేట్లు తగిలించిన బార్‌ను తలపైకెత్తి, ముందుకు వదిలేసి, వెనక్కి తప్పుకోవాలి. గౌరి ఎత్తింది. తలపైనుంచి భుజాలకు, అక్కడినుంచి తొడలకు, చప్పుడు కాకుండా నేలకు దించింది.

పిల్లలు పగలబడి నవ్వారు. "ఏటే, పాలబిందె దించుతున్నావా?"

"గ్లాసు జారితేనే మా అమ్మ చంపేస్తాది" అంది గౌరి బిక్కమొహంతో.

"వరహాలూ, చూపించవే దీనికి."

వరహాలు లేచింది. పసిపిల్లలు పట్టే బరువు. సిగ్గేసింది. అయినా చల్లటి ఇనుము అరచేతికి తగలగానే వేళ్ళు వాటంతటవే బిగుసుకున్నాయి. ఎత్తింది. షెడ్డు నిశ్శబ్దమైపోయింది. ఇన్నేళ్ళూ కలలోకొచ్చిన క్షణం, ఇంత తేలిక బరువు కింద కూడా అచ్చం అలాగే ఉంది. వేళ్ళు విడలేదు. వదిలితే మళ్ళీ ఇది దక్కుతుందా?

"వదలబుద్ధి కావట్లేదు మేడం."

"తెలుసే. వదులు."

వదిలేసింది. రేకులు అదిరాయి. వీధిలో కుక్క మొరిగింది. చెవులు మూసుకున్న గౌరి కిసుక్కున నవ్వింది. బార్ ఒక్కసారి ఎగిరి, వరహాలు కాళ్ళకు కాస్త ముందుగా ఆగింది. మోకాలికి ఏమీ కాలేదు.

వరహాలు కళ్ళు తుడుచుకుంది. "నేనడిగింది ఎత్తడం గురించి మేడం. మీరేమో వదిలించారు."

సన్యాసమ్మ ఆమె చేతుల వైపు చూసింది.

"ఖాళీ అయ్యాయి కదే, ఇంకోటి ఎత్తడానికి. ఇంకా నన్నడుగుతావేం?"