వంటవాడి జవాబు

కోదండానికి కోటు సరిపోయింది. టోపీ సరిపోయింది. చుట్ట కూడా దగ్గు రాకుండా సరిపోయింది. డిటెక్టివ్ గరుడాచలం మాత్రం సరిపోలేదు.

కాకినాడలో తొలి ప్రదర్శన రెండో అంకంలోనే వెనక బెంచీ నుంచి ఎవరో అరిచారు: "బాబూ, పేర్రాజు గారికి ఒంట్లో బాగోలేదా?"

హాలంతా నవ్వింది. ఆదివారం ఆట కూడా ఇలాగే ఉంటే నాటకం ఎత్తేస్తానన్నాడు నాటక సమాజం కార్యదర్శి.

పేర్రాజు మాస్టారు ముప్పై ఏళ్ళు ఆడిన వేషం ఆ గరుడాచలం. ఆ రోజుల్లో ఏ ఊళ్ళో ఆట పడినా, తెల్లారేసరికి బస ముందు ఎవరో ఒకరు నిలబడి ఉండేవారు. ఉంగరం పోయిందనో, గేదె తప్పిపోయిందనో. మాస్టారు వద్దనకుండా "ఏ కొమ్ము వంకర?" అని అడిగేవారు. గేదె దానంతటది ఇంటికొచ్చినా పేరు గరుడాచలానికే.

కోదండం కోటూ టోపీతోనే మాస్టారింటికి వెళ్ళాడు. ఆయన అరుగు మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు.

"గురువుగారూ, మీ నడక పట్టాను. మీ కనుబొమ్మ పట్టాను. ఇంకేం దాచారు?"

"దాచడానికి ఇవేమైనా బొబ్బట్లట్రా? ఏదీ, వంటవాడి సీను అను. వంటవాణ్ణి నేను."

కోదండం కనుబొమ్మ ఎగరేశాడు. "దొరసాని గది తలుపు ఎవరు తీశారు?"

'నేనే బాబూ, పాలివ్వడానికి' అని వంటవాడు చెప్పాలి. మాస్టారు కాయ తుంచుతూ, "ఆ గదికి తలుపే లేదు బాబూ" అన్నారు.

"పాలా! మరి గ్లాసేదీ?" గర్జించాడు కోదండం.

లోపల పోపు వేస్తున్న మాస్టారి భార్య మాణిక్యమ్మ గారు పకపకా నవ్వారు. "తలుపే లేదంటుంటే పాలేమిటి నాయనా?"

కోదండం మొహం ఎర్రబడింది. "మీరు డైలాగు మార్చేశారు!"

"సాక్షి కదరా, వాడిష్టం."

"వాడే హంతకుడని నాకు తెలుసు కదండీ!"

"అలాగా? ముప్పై ఏళ్ళు ఆడాను. చివరి అంకం దాకా నాకెప్పుడూ తెలీలేదు."

కోదండం టోపీ తీసి పక్కన పెట్టి, అరుగు మీద మాస్టారికి ఎదురుగా కూర్చున్నాడు. ఈసారి కనుబొమ్మ కదల్లేదు.

"దొరసాని గది తలుపు... ఎవరు తీశారు?"

అడిగి, ఆయన మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

మాస్టారి చేతిలో కాయ చేతిలోనే ఉంది. లోపల పోపు మాడుతోంది. మాణిక్యమ్మ గారు గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు, వంటవాడు ఏం చెబుతాడో విందామని.