నక్క తోక లేస్తే

తుమ్మలవాగు జంతువులకు సొంత పురపాలక సంఘం ఉంది. అక్కడ ఓటు వేయడమంటే తోక ఎత్తడమే. అధికార పక్షానికి నాయకుడు వరాలయ్య అనే అడవిపంది, చీఫ్ విప్ జంబయ్య అనే నక్క.

చీఫ్ విప్ అంటే వంతెన. సభ్యుల గోడు నాయకుడికి, నాయకుడి మాట సభ్యులకు చేరవేయాలి. జంబయ్య వంతెన మీద ఒకవైపు దారి ఎప్పుడో మూసేశాడు.

సభకు ముందు తన పక్షం వాళ్ళను పోగేసి విప్ జారీ చేశాడు.

"నా తోక లేస్తే మీ తోకలు లేవాలి. నా తోక కిందుంటే మీవీ కిందే ఉండాలి. ఏ తీర్మానమని ఎవరూ అడగొద్దు. తప్పితే సభ్యత్వం గోవిందా!"

"అడిగితే తప్పేంటి జంబన్నా?" అంది మేక పోశమ్మ.

"పక్షం కన్నా నువ్వు పెద్దదానివా పోశమ్మా? క్రమశిక్షణే మన బలం!"

గొర్రెలన్నీ "మే" అన్నాయి. గొర్రె ఎప్పుడూ కసాయివాణ్ణే నమ్ముతుంది.

బయట ప్రతిపక్షం ఎద్దు నందయ్య పోశమ్మకు ఎదురుపడ్డాడు.

"చెల్లీ, పొద్దున్నుంచీ పందులు మీ వార్డు కుంట చుట్టూ ముళ్ళకంప వేస్తున్నాయి, చూశావా?"

పోశమ్మ కుంట వైపు తల తిప్పింది. వేసవిలో ఆ వార్డు పిల్లలకు ఆ కుంట తప్ప చుక్క నీరు లేదు. అయినా అనుమానంగా చూసింది.

"నువ్వు ప్రతిపక్షం నందన్నా. నేను విప్ ధిక్కరించి పదవి పోగొట్టుకుంటే లాభం నీకేగా?"

"నన్ను నమ్మొద్దు. కంపను నమ్ము. మాట దాచి తోక మాత్రమే చూపించేవాడు మంచి పనికి చూపిస్తాడా?"

"కాదంటే సభలో ఉండను. ఉంటే కుంట ఉండదు. ఏం చేయమంటావ్?"

"ధిక్కరించకు. ఉన్నది ఉన్నట్టు పాటించు. నువ్వు వాడి తోక చూడు, నేను వాడి చెవులు చూస్తా."

సభ మొదలైంది. అధ్యక్షుడు తాబేలు గొంతు సవరించుకుని చదివాడు. "కుంటను వరాలయ్యగారి కుటుంబానికి అప్పగించే తీర్మానం."

పోశమ్మ నందయ్య వైపు చూసింది. జంబయ్యకు మాత్రం ఆ మాటలు పట్టలేదు. వెనక వరుసల్లో తిరుగుతూ తలలు లెక్కపెట్టుకుంటున్నాడు. అలవాటే. సభలో ఎవరు ఏమన్నా ఆయనకు అనవసరం, ఎన్ని తోకలున్నాయన్నదే లెక్క.

నందయ్య లేచాడు. "అధ్యక్షా, నాదొక సవరణ. కుంట అందరిదీ. ఎన్నటికీ ఎవరికీ అప్పగించకూడదు."

"సవరణకే ముందు ఓటు," అన్నాడు తాబేలు.

అప్పటికి జంబయ్య చివరి వరుసలో ఓ గొర్రె చెవి పట్టుకుని, "కునుకుతున్నావా? నీ సభ్యత్వం ఊడబీకుతా!" అని గొణుగుతున్నాడు.

"అనుకూలురు తోకలెత్తండి!"

ఆ మాట చెవిన పడగానే జంబయ్య తోక కుచ్చులా పైకి లేచింది. పోశమ్మ పొట్టి తోక చటుక్కున నిక్కింది. గొర్రెలవీ లేచాయి. నాయకుణ్ణి నేనే అని మరిచి, జంబయ్య తోక చూసి వరాలయ్య కూడా తోక ఎత్తాడు.

"అందరూ అనుకూలమే. సవరణ నెగ్గింది. కుంట అందరిదీ!" అని ప్రకటించాడు తాబేలు.

వరాలయ్య ఉలిక్కిపడ్డాడు. "ఏంట్రా జంబా ఇది?"

"ఆగండాగండి! పొరపాటు! మళ్ళీ పెట్టండి!" జంబయ్య తోక దించి వేదిక దగ్గరికి ఉరికాడు.

"తోక దించుకోవచ్చు నాయనా, వేసిన ఓటు దించుకోలేవు," అన్నాడు తాబేలు.

జంబయ్య పోశమ్మ మీద విరుచుకుపడ్డాడు. "కుంట సంగతని తెలిసీ ఎందుకు ఎత్తావే?"

"ఏ తీర్మానమని అడగొద్దన్నావు కదన్నా. అడగలేదు. పక్షం కన్నా నేను పెద్దదాన్నా?"

సభంతా నవ్వులతో గొల్లుమంది. చెవి వదిలించుకున్న గొర్రె అందరికన్నా గట్టిగా నవ్వింది.

వరాలయ్య కోరలు నూరుతూ లేచాడు. తేలు కుట్టిన దొంగలా జంబయ్య సభ కంచె సందులోంచి దూరి పారిపోయాడు. సాయంత్రానికి మేకలే కుంట చుట్టూ ఉన్న కంప లాగిపారేశాయి.

నీతి: మంద నోరు మూయించిన విప్‌కు ముందుగా మూసుకుపోయేది తన చెవులే.