ఉప్పుకుండలో బుడగలు

ఓబులేసు ఉప్పులో నల్ల ఇసుక కలుపుతున్నాడని పాలంకయ్యకు మూడు రోజులుగా అనుమానం.

మందుకోసం నూరిన సైంధవలవణం నిండా నల్లటి నలుసులు. వైద్యం నేర్చుకోవడానికి వచ్చి నెల కాలేదు, ఆ ఓబులేసు కాక ఇంకెవడు? నిన్న అందరి ముందూ నిలదీశాడు. "నాకు తెల్దన్నా," అన్నాడు వాడు ఒకసారి. గట్టిగా గద్దిస్తే "నేనేనేమోన్నా," అన్నాడు. మాట మార్చేవాడు దొంగ కాకపోతే మరేమిటి?

"వాణ్ణి పంపించెయ్యండి స్వామీ," అన్నాడు గురువుగారితో.

"ముందు ఉప్పును అడుగు," అన్నారు చిదంబరయ్యగారు.

ఆయన దగ్గర చెమ్మ ఉప్పును ఆరబెట్టే కుండ ఒకటుండేది. అడుగున సన్నని చిల్లులు, వాటిమీద గుడ్డ, కిందనుంచి తోలుతిత్తి గాలి. ఆ తిత్తి కుట్టడం తెలిసినవాళ్లు అప్పటికే చుట్టుపక్కల ఇద్దరే మిగిలారు, ఆ ఇద్దరికీ మాటల్లేవు. అది వేరే సంగతి.

పాలంకయ్య ఉప్పు పోసి పంతంగా తిత్తి తొక్కాడు. ఉప్పు కుతకుత ఉడికింది. పిడికిలంత బుడగలు పైకొచ్చి పగిలాయి. ఆపి చూస్తే నలుసులు పైనా కిందా అంతటా.

"చూశారా? నిండా కలిపాడు వెధవ!"

"లే, నన్ను కూర్చోనీ," అన్నారు గురువుగారు.

ఆయన కూర్చుని అరికాలితో మెల్లగా నొక్కారు. ఉప్పు కదిలీ కదలనట్టు వదులైంది. ఇక్కడో చిన్న బుడగ, అక్కడోటి. ప్రతి బుడగా తన వెనక కాస్త ఉప్పును పైకి తెచ్చింది. అది వచ్చిన దారిలో బరువైన నలుసులు కిందికి జారాయి. చాలాసేపటికి పైనంతా తెల్లబడింది. ఆ తెలుపును దోసిళ్లతో తీసేస్తే, అడుగున గుప్పెడు నలుపు.

పాలంకయ్య తిత్తిని అనుమానంగా అటూ ఇటూ తిప్పి చూశాడు. "అదే కుండ, అదే గాలి. నాకెందుకు విడిపోలేదు స్వామీ?"

"నిండా కలిపింది నువ్వేరా నాయనా."

పాలంకయ్య తిత్తిని కుండ పక్కన పెట్టాడు. తర్వాత పెరట్లోకి వెళ్లి ఓబులేసు పక్కన కూర్చున్నాడు.

"అన్నం తిన్నావా?"

"లేదన్నా."

పాలంకయ్య ఉప్పు మాట ఎత్తలేదు. కాసేపటికి ఓబులేసే నోరు విప్పాడు.

"రాతి కల్వం నా చేతిలో పగిలిందన్నా. భయపడి ఇనుపదాంట్లో నూరినా. ఉప్పు ఇనుమును తింటుందని నాకు తెల్దు."

"పద," అన్నాడు పాలంకయ్య, "తిందాం."