కింది ఫ్రేము

తను రాసిన వెబ్ పేజీలో తప్పెక్కడుందో వీరభద్రానికి అంతుపట్టలేదు. పొద్దున భార్య అనసూయను కంప్యూటరు క్లాసుకి వెంటబెట్టుకుని వచ్చి, ఖాళీగా ఉన్న మూల కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఆ పేజీ చూపించాడు. ఆమె కాసేపు చూసింది. కొంగు సర్దుకుని లేచి, ఒక్క మాటైనా అనకుండా మేడమెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ పేజీ వాళ్ళ పాప ప్రసూనది. ఏడేళ్ళ పిల్ల. కిందటి వానాకాలంలో మెదడువాపు జ్వరం వచ్చి చనిపోయింది. ఏడాది కావస్తోంది కదా, దూరాన ఉన్న చుట్టాలు కూడా ఇంటర్నెట్‌లో చూసుకుంటారని వీరభద్రం ఆ పని మొదలుపెట్టాడు.

చీరాలలో ఒక బట్టల కొట్టు మీది గదిలో ఖుద్దూస్ మాస్టారు వెబ్ పేజీలు రాయడం నేర్పేవారు. ఆ రోజుల్లో అందరికీ ఫ్రేముల మోజు. తెరని గీతలతో గదులుగా విడగొట్టి, ఒక్కో గదిలో ఒక్కో పేజీని కూర్చోబెట్టడమే ఫ్రేములంటే. ఎడమ గదిలో ఒక పేరు నొక్కితే కుడి గదిలో పేజీ మారుతుంది, ఎడమది మాత్రం కదలకుండా అలాగే ఉంటుంది. కొత్తగా నేర్చినవాళ్ళకి అదో గారడీ. అవసరం ఉన్నా లేకపోయినా తెరని ముక్కలు ముక్కలు చేసి మురిసిపోయేవారు.

వీరభద్రానికి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం. పిల్ల పోయాక ఇంట్లో కూర్చోలేక ఇక్కడ చేరాడు. చేరినవాళ్ళలో వయసులో అతనే పెద్ద. ఫ్రేములు అందరికంటే ముందు పట్టుబడింది కూడా అతనికే, ఆ సంగతి అతను ఎవరినీ మర్చిపోనిచ్చేవాడు కాదు. పక్కవాళ్ళ పేజీలో గీత వెంట్రుకవాసి జరిగినా వేలుపెట్టి చూపించేవాడు.

మాస్టారి దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. పేజీ పూర్తయిందని ఎవరైనా అంటే, "అయితే లేచి అక్కడ కూర్చో" అనేవారు. అక్కడ అంటే మూలనున్న పాత కంప్యూటరు. దాని తెర బాగా చిన్నది. రాసినవాళ్ళు తమ కుర్చీ వదిలి వచ్చి, ఆ చిన్న తెర ముందు కూర్చుని, తమ పేజీని పరాయివాళ్ళలాగా చివరిదాకా చదవాలి. మొదట్లో వీరభద్రమూ కూర్చునేవాడు. రానురాను ఆ తంతు నేర్చుకునేవాళ్ళకే గాని తనకెందుకని మానేశాడు. మాస్టారు గమనించారు. 

పాప పేజీని అతను రెండు ఫ్రేములు చేశాడు. పై ఫ్రేములో ప్రసూన ఫొటో. రెండు జడలు, ముందు పన్ను ఊడిన నవ్వు. ఆ ఫ్రేము ఎత్తు ఇంత అని అంకె వేసి బిగించేశాడు. గీత పట్టుకుని ఎవరూ కిందికీ పైకీ లాగకుండా 'నో రీసైజ్' అని రాశాడు. ఫొటో పక్కన, పేజీని కిందికి జరిపే స్క్రోల్ బార్ చూడ్డానికి బాగాలేదని రెండు ఫ్రేముల్లోనూ దాన్ని తీసేశాడు. నా తల్లిని ఇంక ఎవరూ కదపలేరు అనుకున్నాడు. అలా అనుకున్న రోజున కీబోర్డు మీద తల పెట్టుకుని ఏడ్చాడు కూడా.

కింది ఫ్రేములో అనసూయ మాటలు. ఆసుపత్రిలో ఆఖరి పొద్దున పాప పక్కన ఉన్నది ఆమె ఒక్కతే. వీరభద్రం మందులు తేవడానికి వెళ్ళాడు. వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఆమె ఆ పొద్దు గురించి నోరు విప్పలేదు. పేజీ కోసమని అతను పట్టుబట్టి అడిగితే, ఒక మధ్యాహ్నం వంటింటి గడపలో కూర్చుని మొత్తం చెప్పింది. అతను తల వంచుకుని గబగబా రాసుకున్నాడు. అంతా అయ్యాక, "ఇంకెప్పుడూ నన్ను అడక్కండి" అంది.

అన్ని మాటలు చెప్పిన మనిషి, ఇప్పుడు ఒక్క మాట లేకుండా వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం క్లాసు అయి అందరూ వెళ్ళాక వీరభద్రం మాస్టారి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"మాస్టారూ, నా కోడు ఒకసారి చూడండి. ఎక్కడ తప్పుందో చెప్పండి."

మాస్టారు తన ముందున్న తెర మీద కోడు పైనుంచి కిందిదాకా చదివారు. ఆయన చదవడం నెమ్మది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"కోడులో తప్పు లేదు" అన్నారు.

"మరెందుకండీ అలా వెళ్ళిపోయింది?"

మాస్టారు ఎదురుగా ఉన్న కుర్చీ చూపించి, "కూర్చో. పాప గురించి చెప్పు" అన్నారు.

వీరభద్రం కుర్చీ లాక్కున్నాడు. ఏడాదిలో అతన్ని అలా అడిగినవాళ్ళు లేరు. ఓదార్చినవాళ్ళే అందరూ. పాప గురించి ఎత్తితే ఏడుస్తాడేమోనని జాలిపడి మాట మార్చేసేవాళ్ళు. కుర్చీ అంచున కూర్చుని మొదలుపెట్టాడు.

"దానికి ఉరుమంటే భయమండీ. ఉరిమిందంటే చాలు, పరుగెత్తుకుంటూ వచ్చి నా చొక్కాలో తల దూర్చేసేది. ఒకసారి ఏమైందంటే, నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అది..."

మాస్టారు చెయ్యెత్తారు. "చాలు."

వీరభద్రానికి అర్థం కాలేదు. "అయిపోలేదండీ. ఇంకా ఉంది."

"ఉంటుంది. చోటు ఇంతే."

వీరభద్రం మొహం కందిపోయింది. లేచి నిలబడ్డాడు. గురువని చూడకుండా ఏదో అనేవాడే. కుర్చీ వీపు పట్టుకుని ఆగాడు. చెప్పమన్నది ఆయనే, నోరు మూయించింది ఆయనే. నిజం చెప్పాలంటే, పిల్లను కాటికి మోసుకెళ్ళిన రోజున కూడా అతనికి అంత ఒంటరిగా అనిపించలేదు.

మాస్టారి కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. ఆయన మూల కంప్యూటరు వైపు చూశారు. అనసూయ లేచి వెళ్ళాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"వెళ్ళి అక్కడ కూర్చో" అన్నారు.

వీరభద్రం వెళ్ళి పొద్దున భార్య కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాడు. చిన్న తెర. ఫొటో ఫ్రేముకి తను బిగించిన ఎత్తు తెరని దాదాపు మొత్తం తినేసింది. తను రోజూ పనిచేసే పెద్ద తెర మీద అనసూయ మాటలన్నీ పట్టాయి. ఇక్కడ అడుగున సన్నటి పట్టీ మిగిలింది. అందులో రెండే వరుసలు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు.

అతను పైకే చదివాడు. "ఆ పొద్దున కళ్ళు తెరిచి అమ్మా దాహం అంది. నేను లేచి గ్లాసు తెచ్చేలోగా"

అంతే. కిందికి జరుపుదామంటే స్క్రోల్ బార్ లేదు. గీత పట్టుకుని లాగితే కదల్లేదు. మళ్ళీ లాగాడు. తను బిగించిందే, ఎలా కదులుతుంది? పొద్దున తను ఈ కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు. నిలబడి, ఫొటో చూసుకుంటున్నాడు.

వీరభద్రం మళ్ళీ ఆ రెండు వరుసలూ చదివాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

"ఇప్పుడే మార్చేస్తానండీ. ఒక్క నిమిషం పని."

మాస్టారు వచ్చి మానిటర్ ఆపేశారు.

"ఇది రేపైనా ఉంటుంది. ఇంటికి వెళ్ళు."

ఇంటికి వెళ్ళేసరికి అనసూయ స్టవ్ దగ్గర నిలబడి ఉంది. అతని అలికిడి విని కూడా వెనక్కి తిరగలేదు. వీరభద్రం చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, వంటింటి గడపలో కింద కూర్చున్నాడు. పేజీ సంగతి ఎత్తలేదు.

"గ్లాసు తెచ్చేలోగా..." అన్నాడు.

అనసూయ చేతిలో గరిట ఆగింది.

"అడగొద్దన్నాగా. మీకు తెలిసిందేగా. అంతా రాసుకున్నారుగా."

"రాసుకున్నాను అనసూయా. వినలేదు."

ఆమె స్టవ్ ఆపి, తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. వచ్చి గడపకి లోపలివైపు, అతనికి ఎదురుగా కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు నేల చూసింది.

అతని చేతిలో ఈసారి కాగితం లేదు. ఆమె మొహం వైపు చూస్తూ కూర్చున్నాడు.