తొంభై ఆరు మెట్లూ, పసుపు రాసిన యంత్రమూ

ప్రశమానంద స్వామికి ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగినవాడికి ఆయన జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. పునర్జన్మ గురించి అడిగిన ఒక పెద్దమనిషి మూడు నెలలు గోశాల ఊడ్చి, చివరికి తాను అడిగినదేమిటో మరిచిపోయి, ఎంతో తృప్తిగా ఇంటికి వెళ్లాడని ఆశ్రమంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అందుకని భానోజీరావు తన ప్రశ్నను చాలా ఆచితూచి అడిగాడు. ముప్పై రెండేళ్లు సర్వే ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి, రిటైరై, చిలకలకొండ మీది ఆ ఆశ్రమంలో చేరి అప్పటికి ఏడాది.

“స్వామీ, వచ్చిన కొత్తలో నా మనసు ఒకచోట నిలిచేది కాదు. ధ్యానానికి కూర్చోగా కూర్చోగా కుదుటపడింది. ఇప్పుడు హాయిగా ఉంది. హాయిగా ఉన్నదాన్ని రోజూ తెల్లవారుజామున లేచి మళ్లీ కూర్చోబెట్టడం దేనికి? చెదిరిననాడు చూసుకుంటే సరిపోదా?”

నిజానికి అతను లేచి కూర్చోవడం మానేసి అప్పటికే పదిహేను రోజులైంది. ఆ సంగతి చెప్పలేదు. స్వామి అడగనూ లేదు. వసారాలో అట్టపెట్టెలో ఉన్న కొత్త యంత్రాన్ని చూపించి, “అది నీ బాధ్యత, నాయనా. దానితోపాటు ఒక పుస్తకం కూడా ఉంది. చదువుకో,” అన్నారు.

అది పెట్రోలుతో నడిచే ప్రెషర్ వాషర్. నీటిని సూదిలా, గుండులా చిమ్మి రాతిమీది నాచును పెళ్లగించే యంత్రం. కొండెక్కే తొంభై ఆరు మెట్లకూ వానాకాలంలో నాచు పడుతుంది. కిందటి కార్తీక పౌర్ణమినాడు కొండకింద ఉండే పైడమ్మ అనే ముసలామె అరవయ్యో మెట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ కబురు విని ఒక భక్తుడు యంత్రాన్ని కానుకగా పంపాడు.

భానోజీరావుకు శ్రద్ధ తక్కువని ఎవరూ అనలేరు. యంత్రం వచ్చినరోజే దానికి పసుపు రాశాడు, కుంకుమ పెట్టాడు, చక్రాలకింద నిమ్మకాయలు పెట్టాడు. శ్రావణంలో రెండుసార్లు నడిపి, మెట్లు కడిగి, టాంకులో మిగిలిన పెట్రోలుతో సహా గదిలో పెట్టి తాళం వేశాడు. దసరాకు ఆయుధపూజ చేశాడు. బంతిపూల దండ వేసి, సాంబ్రాణి పొగ పట్టి, విభూతి చల్లి, అక్షింతలు వేశాడు. ఇక ఆ పుస్తకమంటారా, దాన్ని ఎర్రటి పట్టుగుడ్డలో చుట్టి, పూజామందిరంలో భాగవతం పక్కన పెట్టి, రోజూ కళ్లకద్దుకునేవాడు. విప్పి చూడటం మాత్రం ఎన్నడూ జరగలేదు. గౌరవించవలసినవాటిని విప్పి చూడటం అతని స్వభావంలో లేదు.

కార్తీక పౌర్ణమికి ముందురోజు ఉదయం యంత్రాన్ని బయటికి తెచ్చి తాడు లాగాడు. అది మూలిగింది. మళ్లీ లాగాడు. ఈసారి మూలగను కూడా లేదు. నలభైసార్లు లాగాక అతనికి చెయ్యి తిమ్మిరెక్కింది గానీ యంత్రంలో చలనం లేదు. దిష్టి తగిలిందేమోనని దాని నెత్తిన కొబ్బరికాయ కొట్టాడు. ఆ నీళ్లు ఇంజనులోకి కారాయి.

స్వామి వచ్చి మెట్టుమీద కూర్చున్నారు. “ఈ సాయంత్రానికి మెట్లు తయారు కాకపోతే దారికి తాడు కట్టేద్దాం. ఎవరినీ ఎక్కనివ్వొద్దు. దీపాలు కిందే పెట్టుకుంటారు,” అన్నారు.

భానోజీరావు మరొకసారి తాడు లాగి చూశాడు. ఈసారి ఎక్కవచ్చునని పైడమ్మకు మాట ఇచ్చినది అతనే. ఆ మాట పట్టుకుని ఆమె ఆరు నెలలుగా నడక నేర్చుకుంటోంది.

“ఆ పుస్తకం తే,” అన్నారు స్వామి.

అతను పట్టుగుడ్డ విప్పి, చెప్పులు విడిచి, నిలబడి చదవసాగాడు. “ప్రతిసారీ నడపడానికి ముందు ఇంజను ఆయిలు చూడవలెను.”

“చూశావా?”

“పూజ చేశాను స్వామీ.”

“తరవాత?”

“గాలి వడపోత పెట్టెను తరచు తెరిచి శుభ్రం చేయవలెను.”

తెరిచాడు. అందులో ఎండిన బంతిరేకులు, విభూతి, పిడికెడు అక్షింతలు ఉన్నాయి. స్వామి తొంగిచూశారు. “పాపం, ఊపిరి తీసుకునే చోట ప్రసాదం పెట్టావు,” అన్నారు.

“నెల రోజులకు మించి వాడనప్పుడు పెట్రోలు తీసివేయవలెను. నిలవ పెట్రోలు జిగటగా మారి...” భానోజీరావు ఆ వాక్యం పూర్తి చేయలేదు. మూత తీసేసరికి పాత వార్నీషు డబ్బా వాసన కొట్టింది.

కొత్త పెట్రోలుకూ ఆయిలుకూ కిందికి వెళ్లక తప్పలేదు. నాచు పట్టిన మెట్లమీద నిలబడి దిగే ధైర్యం చాలక, డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఒక్కో మెట్టూ కూర్చుని కూర్చుని జరుగుతూ దిగాడు. కింద పేము ఊతకర్ర పట్టుకుని పైడమ్మ నిలబడి ఉంది.

“ఏటి బాబూ, ఇదేం మొక్కు? మా కాలంలో మెట్లు కాళ్లతో దిగీవోరు!”

“యంత్రం మొరాయించిందమ్మా.”

“దానికి పూజ బాగా సేత్తన్నావని అందరూ సెప్పుకుంతన్నారు?”

అతను తల వంచుకుని పంచె దులుపుకున్నాడు. “రేపటికి మెట్లు అద్దంలా చేస్తాను. నువ్వు తప్పకుండా రావాలి.”

“అద్దంలా వొద్దు బాబూ, జారతాది. గరుగ్గా ఉంచు, సాలు. పైన దీపమెట్టి వొచ్చీసేనంటే, మరి నాకింకేటీ అక్కర్లేదు.”

తిరిగి వచ్చాక అతను పుస్తకం ముందు పెట్టుకుని, వాక్యం వెంట వాక్యంగా పని చేశాడు. జిగట కడిగాడు, ప్లగ్గు తుడిచి ఆరబెట్టాడు, నల్లబడిన ఆయిలు తీసి కొత్తది పోశాడు. నీళ్ల గొట్టం మొదట ఉన్న జల్లెడను విప్పితే తొట్టిలోని ఇసుక గుప్పెడు రాలింది. ఆ పని చేస్తున్నంతసేపూ మంత్రం ఏదీ గుర్తు రాలేదు. గుర్తు రాలేదన్న సంగతి కూడా తోచలేదు.

మధ్యాహ్నం రెండో లాగుకు ఇంజను అందుకుంది. భానోజీరావు ఎగిరి గంతేయబోయి, కింద నాచు ఉందని జ్ఞాపకం తెచ్చుకుని ఆగాడు. పైమెట్టు నుంచి ఒక్కొక్కటే కడుగుతూ దిగాడు. సాయంత్రానికి చివరి ఏడు మెట్లు మిగిలాయనగా తెచ్చిన పెట్రోలు అయిపోయింది. స్వామి ఒక కొబ్బరిపీచు అందుకున్నారు, అతను ఒకటి. ఇద్దరూ గొంతుక్కూర్చుని ఆ ఏడూ చేత్తోనే తోమారు.

మర్నాడు పైడమ్మ ఊతకర్రతో బయలుదేరింది. అరవయ్యో మెట్టు దగ్గర ఆగి, దానివంక కోపంగా చూసి, కర్రతో రెండుసార్లు పొడిచి, దాటేసింది. పైకి వచ్చి మూడువందల అరవై అయిదు వత్తుల దీపం వెలిగించి, భానోజీరావు వైపు తిరిగింది. “గరుగ్గానే ఉన్నాయి బాబూ,” అంది. అంతకు మించిన బిరుదు తన ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో అతనికి ఎవరూ ఇవ్వలేదు.

ఆ సంతోషంలో అతను బంతిదండ తెచ్చి, కిందినుంచి కొత్తగా తెచ్చిన పెట్రోలు నాలుగు చుక్కలు పోసి, యంత్రాన్ని మరొకసారి నడిపి చూశాడు. ఒక్క లాగుకే అందుకుంది. ఆపి, దండ వేయబోతుంటే స్వామి వచ్చి చేతికి రెంచి ఇచ్చారు.

“విప్పు.”

“ఎందుకు స్వామీ? ఇప్పుడు హాయిగా ఉంది కదా!”

“ఉంది కాబట్టే, నాయనా. ఇప్పుడైతే మన మాట వింటుంది.”