కోన సరిచూసిన అన్నదమ్ములు

"'కోన అంటే రెండు కొండల నడుమ చెట్లు కమ్ముకున్న చోటు.' మన ముసలి జేజి ఈ మాటే అనిందా లేదా?" అని పెద్దోడు ఓబులేసు మంచం మీద గుద్దినాడు.

"అనింది. ఆ మాట ఎక్కడ పుట్టిందో మాత్రం చెప్పలే," అన్నాడు నడిపోడు సుంకన్న.

"ఈ ఇంట్లోనే పుట్టుంటుంది. మనం పుట్టలేదా?" అన్నాడు చిన్నోడు గురప్ప.

ఇంత తెలివి ఒకే కొంపలో పడిందే అని ఓబులేసుకి ఒళ్ళు పొంగింది.

గొడవంతా చెల్లెలు రవణమ్మ గురించే. "కోనలో ఇల్లు కదా, మధ్యాన్నం పిల్లను చూసేకొస్తాం" అని మగపెళ్ళివాళ్ళు కబురంపినారు. ఇది కోన కాకుంటే, ఆ ఇల్లు ఇది కాదనుకోని వాళ్ళు బండి ఆపరు. సంబంధం తప్పిపోతుంది. ఓబులేసుకి అదే దిగులు.

సరిచూద్దామని ముగ్గురూ బయటికొచ్చినారు.

"చెట్లున్నాయి. కొండలేవిరా?" అన్నాడు ఓబులేసు.

"చెట్లు అడ్డమొచ్చినాయి గదన్నా," అన్నాడు సుంకన్న.

ఇంకేముంది, గొడ్డళ్ళు తీసినారు. పొద్దు నడినెత్తికొచ్చేసరికి ఇంటి ముందర ఒక్క చెట్టు లేదు. కొండలు రెండూ నిగనిగలాడినాయి.

"ఇప్పుడు చెట్లేవీ?" అన్నాడు గురప్ప.

అంతలో పెళ్ళివాళ్ళ బండి మలుపు తిరిగింది కూడా.

"మనమే చెట్లయిపోదాం," అన్నాడు ఓబులేసు. నరికిన కొమ్మలు ఒంటినిండా కట్టుకున్నారు. "కదలొద్దు, మాట్లాడొద్దు."

"దోమ కుడితేనో?" అన్నాడు గురప్ప.

"చెట్టు యాడన్నా గోక్కుంటుందంట్రా?"

పెళ్ళికొడుకు నాయన బండి దిగి, కండువా తీసి ఓబులేసు చేతికే తగిలించి, నీడన కూర్చున్నాడు. "కోనంటే ఇట్లుండాల," అన్నాడు. ఓబులేసుకి కన్నీళ్ళొచ్చినంత పనయింది.

రవణమ్మ వాగుకి నీళ్ళకి పోయుంది. పెద్దాయన తలుపు తట్టి చూసినాడు. పలికే దిక్కు లేదు. మళ్ళీ నీడకొచ్చి, "ఓబులేసూ, ఓ ఓబులేసూ" అని పిలిచినాడు, సరిగ్గా ఓబులేసు చెవి పక్కన. ఓబులేసు ఆకు కూడా కదపలే. మూడుసార్లు పిలిచి, "ఇంటికొస్తామని కబురంపినా మనుషులే లేకుండా పోతారా? ఈ సంబంధం మనకొద్దు," అని కండువా లాక్కుని బండెక్కినాడు.

బిందెతో వచ్చిన రవణమ్మ, పోతున్న బండిని చూసి, "ఇంటిముందర నిలబడుకోని ఒక్క మాటన్నా పలకలేకపోతివా అన్నా?" అనింది.

ఓబులేసు ఆ పొద్దంతా ఆలోచించినాడు. ఎంత ఆలోచించినా తన తప్పేందో కనబళ్ళే. మీరే చెప్పండి, పిలిస్తే పలికేదాన్ని ఎవరన్నా చెట్టంటారా?