ఆదెమ్మ ఒప్పుకున్న మసిగుడ్డ

అనగనగా ఒక ఊళ్ళో... ఊరు కూడా కాదర్రా, ఏటి రేవు పక్కన నాలుగు కొంపలు. అక్కడొక పూటకూళ్ళ ఇల్లు. రేవు దాటే బళ్ళవాళ్ళు ఆగి, అన్నం తిని పోయే ఇల్లన్నమాట. ఊ కొట్టండి మరి. మీరు ఊ అనకపోతే నాకు నిద్దరొచ్చేస్తుంది.

ఆ ఇంటికి కోటమ్మనే పిల్ల రెండో పెళ్ళాంగా వచ్చింది. మొదటి పెళ్ళాం ఆదెమ్మ పోయింది. ఎలా పోయిందో ఎవరూ చెప్పలేదు. మొగుడు పుల్లయ్యని అడుగుదామంటే, అరుగు మీద గొంగళి ముసుగేసుకుని గోడవైపు తిరిగి పడుకునుండేవాడు. మండుటెండలోనూ గొంగళే. అత్తని అడిగితే, బియ్యం నానాయి, పొయ్యి వెలిగించమనేది. ఇంక పాపం కోటమ్మ తన కష్టం పొయ్యితోనే చెప్పుకునేది. పొయ్యి ఏం చెబుతుంది? కళ్ళల్లోకి పొగ ఊదేది.

మొదటిరోజు మధ్యాహ్నం గుండిగలో అన్నం ఉడికింది. గుండిగంటే మీరంతా కూర్చున్నా పడతారు, అంత. గంజి వార్చాలి. కోటమ్మ పాత మసిగుడ్డ పట్టుకుని వంగిందో లేదో, చేతిలోంచి గుడ్డని ఎవరో లాగేసుకున్నారు. చూస్తే ఎవరూ లేరు! గుడ్డ తనంతట తనే పోయి గుండిగలోని వేడి గంజిలో మునిగింది, పైకి లేచింది, చర్రున చిరిగి తడిక మీద పడింది.

కేక విని అత్త వచ్చింది. గుడ్డ చూసి ఆవిడ మొహం నల్లబడింది. అది ఆదెమ్మే, సవతి వచ్చిందని కడుపుమంట, నువ్వు పట్టించుకోకు అంది. మరి గుండిగో? కోటమ్మ చీర కొంగుతోనే దించింది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ చేతులతోనే వడ్డించింది. తినేవాళ్ళు విస్తరి చూసుకున్నారే గానీ చేతులెవరు చూశారు?

గుడ్డ పల్చగా ఉందని కోపమేమో అనుకుని, బూరుగు దూది ఏరుకొచ్చి, రెండు గుడ్డల మధ్య పరిచి, బొంత కుట్టినట్టు నిలువునా అడ్డంగా కుట్టింది. పిల్లి పొట్టలా మెత్తగా వచ్చింది. మధ్యాహ్నమయ్యేసరికి ఆదెమ్మ తడిపింది, చింపింది, తడిక మీద పారేసింది.

సరే, దూది ఉండలు కడుతోందని గోనెపట్టా ముక్క పెట్టి కుట్టింది. బిరుసుగా ఉంది, చెయ్యి మడతపడదు. అయినా ఓర్చుకుంది. ఆదెమ్మ ఓర్చుకోలేదు. తడిపింది, చింపింది, తడిక మీద పారేసింది.

పాత నేత చీర మడతలు మీద మడతలు పెట్టి కుట్టింది. ఏం చేసింది? ఆఁ, మీరే చెప్పండి. తడిపింది, చింపింది, తడిక మీద పారేసింది! ఇప్పుడైతే నైలాను పీచు కూడా దొరుకుతుంది. ఆ పని మాత్రం చెయ్యకండర్రా, వేడికి కరిగి చేతికి అతుక్కుంటుంది.

ఆ రోజు కోటమ్మకి ఏడ్చే ఓపిక కూడా లేదు. తడిక కింద కూలబడి ఆ ముక్కల్నే చూస్తూ ఉండిపోయింది. చింపేదేదో చింపొచ్చు కదా, ముందు తడపడం దేనికి? ఒక ముక్క తీసి చేతికి చుట్టుకుని గుండిగ చెవి పట్టుకుంది. చుర్రుమంది! పొడిగా ఉంటే వేడిని ఆపే గుడ్డ, తడిసేసరికి నిప్పయిపోయింది.

"అక్కా," అని పిలిచింది కోటమ్మ. "నువ్వెలా పోయావో చెప్పవూ?"

పొయ్యి వెనక పొగలో ఒక మనిషి నిలబడింది. చేతులు మోచేతుల దాకా ఉడికి తెల్లగా ఉన్నాయి. మొహం మాత్రం దయ్యం మొహం కాదు, అలిసిపోయిన ఆడమనిషి మొహం. దగ్గరికి జరగండి, భయమైతే.

"గుడ్డ తడిసింది చెల్లీ," అంది ఆదెమ్మ. "వారుస్తుంటే గంజి తగిలి తడిసింది. చెయ్యి కాలి వదిలేశాను. గుండిగ నా మీద పడింది."

"నా మీద కోపం కాదా?"

"కోపం దేనికి? నీ చేతిలో అదే గుడ్డ చూశాను."

అంతే, పొగలో కలిసిపోయింది. కోటమ్మ ఆలోచించింది. వానలో గొర్రెలు కాసేవాళ్ళు ఏం కప్పుకుంటారు? గొంగళి. పైన నీళ్ళు కారుతున్నా లోపల మనిషికి చెమ్మ తగలదు. లేచి అరుగు మీదికి వెళ్ళింది.

"మావా, నీ గొంగళి కావాలి."

"దేనికి?" అన్నాడు పుల్లయ్య, గోడవైపు నుంచే.

"మసిగుడ్డలో పెట్టి కుడతాను. అక్క అలాగే పోయిందట, గుడ్డ తడిసి."

ఆయన వీపు కదిలింది. "నేనిక్కడే ఉన్నాను. కేక వినపడింది. అత్తాకోడళ్ళు రోజూ అరుచుకునేదే కదా అని లేవలేదు." గొంగళి అంచు నలుపుతూ, "నన్నేమైనా అందా?" అన్నాడు.

నీ మీద కోపం లేదందని చెప్పొచ్చు. కోటమ్మకి అబద్ధమాడడానికి నోరు రాలేదు. "ఏమీ అనలేదు మావా," అంది.

పుల్లయ్య లేచి కూర్చున్నాడు. గొంగళి తీసి తనే కత్తిపీట మీద కోశాడు. అత్త గుమ్మంలో నిలబడి చూసి చూసి, లోపలికెళ్ళి సూదీ దారం తెచ్చింది. ఆదెమ్మ మందపాటి గుడ్డ కావాలని అడిగితే ఉన్నది చాలదా అన్నానే అని, కుడుతున్నంతసేపూ ఏడ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ వంటింట్లోనే ఉన్నారు. లోపల గొంగళి మడతలు, బయట నేత గుడ్డ. కోటమ్మ చేతిలోంచి అది లేచింది, గంజిలో మునిగింది, పైకొచ్చి గాలిలో ఆగింది. పుల్లయ్య "ఆదెమ్మా" అన్నాడు. చిరుగుతుందేమోనని అత్త కళ్ళు మూసుకుంది. చిరగలేదు. మెల్లగా వచ్చి కోటమ్మ చేతిలో వాలింది.

కోటమ్మ గుండిగ పట్టుకుని వంచింది. గంజి గుడ్డ మీదుగా కారింది. చేతికి చురుకు తగల్లేదు. రెండో చెవి ఎవరో పట్టుకున్నట్టు గుండిగ తేలిగ్గా వంగింది. అన్నం వార్చడం అయ్యేసరికి పొయ్యి వెనక ఎవరూ లేరు.

ఆ తరవాత ఆదెమ్మ రాలేదు. పుల్లయ్య అరుగు దిగి, గుండిగ తనే దించడం మొదలుపెట్టాడు. అత్త అరవడం తగ్గించింది. కోటమ్మ చేతులు మానాయి, పిల్లలు పుట్టారు, అందరూ సుఖంగానే ఉన్నారు. కోటమ్మకి మాత్రం చాన్నాళ్ళు ఆ వంటింట్లో ఏదో వెలితిగా ఉండేది. ఆ ఇంట్లో ఆమెతో మనసు విప్పి మొదట మాట్లాడింది ఆదెమ్మే కదా.

అందుకని, తడిగుడ్డతో వేడి గిన్నె ముట్టుకోకండి. వంటింట్లోంచి కేక వినపడితే, ఎప్పుడూ ఉండేదేలే అనుకోకుండా లేచి వెళ్ళండి. ఇక కథ కంచి దారి పట్టింది, మీరు నిద్ర దారి పట్టండి.